గొంగళిపురుగుకు చోటిచ్చిన పెరడు

ఇంటి ముందు కత్తిరించిన పచ్చిక ఉండాలన్న పట్టుదల అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దంలో శివారు కాలనీలతో పాటే పెరిగింది. ఆ పచ్చికలో పేరుమోసిన బ్లూగ్రాస్ యూరప్ నుంచి వచ్చింది. అమెరికా నేలలో పుట్టిన మొక్కలేమో కలుపు కింద జమ.

దీన్ని తొలినాళ్లలో కాదన్నవాళ్ల చూపు ఎక్కువగా అందం మీదే ఉంది. ప్రెయిరీ మైదానాల పూలూ పొదలూ ఇళ్ల చుట్టూ నాటమని 1915లో ఇలినాయ్‌లో విల్‌హెల్మ్ మిల్లర్ రాశాడు. 1929లో వృక్షశాస్త్రజ్ఞురాలు ఈడిత్ రాబర్ట్స్, ఎల్సా రేమన్ కలిసి రాసిన పుస్తకం, అడవిలో కలిసి పెరిగే మొక్కల్ని తోటలోనూ కలిపే పెంచమంది.

పిట్టల గోడు ఈ చర్చలోకి గట్టిగా వచ్చింది డీడీటీ అనే పురుగుమందు వల్ల. విస్కాన్సిన్‌లో రాబిన్ పిట్టలు చచ్చి పడుతుంటే లోరీ ఆటో అనే గృహిణి పోరాటానికి దిగింది. 1970లో ఆ రాష్ట్రం డీడీటీని నిషేధించింది. ఆమె తన ముంగిట్లో ఫెర్న్‌లు, అడవిపూలు పెంచుకుంటే ఊరి సిబ్బంది కలుపని కోసేశారు. ఆమె ఊరుకోలేదు, పరిహారం రాబట్టింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇదే. 1979లో ఆమె స్ఫూర్తితోనే మిల్వాకీలో ‘వైల్డ్ వన్స్’ సంఘం పుట్టింది. అంతకుముందే, 1973లో, నేషనల్ వైల్డ్‌లైఫ్ ఫెడరేషన్ పెరళ్లకు గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ గుర్తింపు రావాలంటే పెరట్లో జీవులకు తిండి, నీరు, దాక్కునే చోటు, పిల్లల్ని పెంచుకునే చోటు ఉండాలి.

ఆ తిండి ఎక్కడిదో 2007లో కీటకశాస్త్రజ్ఞుడు డగ్లస్ టాలమీ పుస్తకం మామూలు పాఠకులకు విప్పి చెప్పింది. ఒక్క విడత పిల్లల్ని పెంచడానికి చికడీ పిట్ట ఆరు నుంచి తొమ్మిది వేల గొంగళిపురుగులు పట్టుకురావాలి. పురుగుల్లో చాలావాటికి తరతరాలుగా అలవాటైన ఆకే పడుతుంది. ఓక్ చెట్టు మీద వందల రకాలు బతుకుతాయి. చైనా నుంచి తెచ్చిన గింకో మీద దాదాపు ఏదీ బతకదు. మొనార్క్ సీతాకోకచిలుక గొంగళికి మిల్క్‌వీడ్ ఆకు తప్ప గతి లేదు. మన జిల్లేడుదీ ఆ కుటుంబమే. జిల్లేడాకు తిని పెరిగే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక మొనార్క్‌కు దగ్గరి చుట్టం.

చట్టం కూడా కదిలింది. పచ్చికే ఉండాలని ఇళ్ల యజమానుల సంఘాలు పట్టుబట్టకుండా మేరీలాండ్ 2021లో చట్టం చేసింది. టెక్సస్‌లో మొనార్క్‌లు ఏటా శరత్తులో మెక్సికోకు పోతూ, తెలుగువాళ్లు స్థిరపడ్డ డాలస్ శివార్ల మీదుగానే సాగుతాయి. అక్కడ మిల్క్‌వీడ్ వేసేవాళ్లు నర్సరీల్లో సులువుగా దొరికే ఉష్ణమండల రకం వద్దని, టెక్సస్ నేలదే అడగాలి. చలి తక్కువగా ఉండే చోట్ల ఉష్ణమండల రకం చలికాలంలోనూ ఎండిపోకుండా నిలిచి, సీతాకోకలకు సోకే పరాన్నజీవిని పోగుచేస్తుంది.