‘హమ్ లోగ్’ వ్రాసిన చేయి

టీవీకి వ్రాయడమూ సాహిత్యమేనా అని ముఖం చిట్లించిన పండితులలో నేనొకణ్ణి. మనోహర్ శ్యామ్ జోషీ చరిత్ర చదివాక ఆ బింకం సడలింది.

ఆయన అప్పటికే నవలాకారుడు, ‘సాప్తాహిక్ హిందుస్తాన్’ సంపాదకుడిగా పేరొందినవాడు. 1984 జూలై 7న దూరదర్శన్‌లో ‘హమ్ లోగ్’ మొదలయ్యేనాటికి మనదేశంలో ఆ వృత్తికి ఒజ్జబంతి లేదు. నమూనా మెక్సికోది, ఉద్దేశం కుటుంబ నియంత్రణ ప్రచారం. తొలి 13 భాగాలలో బోధ మితిమీరింది. ప్రేక్షకులు పెదవి విరిచారు. (బడిపంతులుకు ఈ పాట్లు కొత్తవా!) జోషీ ఉపదేశం తగ్గించి, బసేసర్ రామ్ ఇంటి గొడవలనే కథ చేశారు. ఉత్తరాలు వెల్లువెత్తాయి.

1986లో విభజన గాథ ‘బునియాద్’. 2005లో ‘క్యాప్’ నవలకు సాహిత్య అకాడెమీ పురస్కారం. మరుసటి మార్చిలో కన్నుమూశారు.

హిందీ రాని మా అమ్మ పొరుగింట్లో, భాగం చివర అశోక్ కుమార్ చెప్పే మాటలదాకా కదిలేది కాదు.