ఏలేరు ఎడమ కాలువ

విశాఖపట్నం ఉక్కు కర్మాగారానికీ నగరానికీ నీళ్లు తెచ్చే కాలువ. కాకినాడ జిల్లా ఏలేశ్వరం దగ్గరి ఏలేరు జలాశయంలో మొదలై సుమారు 153 కిలోమీటర్లు ప్రవహించి, కర్మాగారం పక్కనున్న కణితి జలాశయాన్ని నింపుతుంది.

విశాఖకు సముద్రం ఉంది గానీ పెద్ద నది లేదు. కనుమల నుంచి దిగే గెడ్డలు, చిన్న ఏర్లే దిక్కు. ముడసర్లోవ, గోస్తనిపై తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, శారద నదిపై రైవాడ జలాశయాలు నగరం దాహం తీరుస్తున్నాయి. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశాక ఇలాంటి చిన్న వనరులు చాలవని తేలిపోయింది; దాంతో ఏలేరు నీళ్లు తేవాల్సి వచ్చింది.

ఏలేరు నీళ్లకు పాత హక్కుదారులు పిఠాపురం వైపు రైతులు. రైవాడదీ అదే కథ: సాగుకని కట్టిన జలాశయం నుంచి నగరానికి నీళ్లు వెళ్తుంటే ఆయకట్టు రైతులు ఏళ్ల తరబడి అడ్డుచెబుతున్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. 1987 జాతీయ జల విధానం తాగునీటిని మొదట, సాగును తర్వాత, పరిశ్రమను బాగా వెనక నిలిపింది. 2002, 2012 విధానాల్లోనూ తాగునీటిదే అగ్రస్థానం. కానీ ఒకే కాలువలో బిందెకు వెళ్లే నీరూ కొలిమికి వెళ్లే నీరూ కలిసే పారుతాయి. వేసవిలో మట్టం పడిపోయినప్పుడు ఎవరి వాటా ముందు కోయాలో ఆ విధానాలు చెప్పవు. అవి విధానాలే గానీ చట్టాలు కావు. రాజ్యాంగంలో నీరు రాష్ట్రాల జాబితాలో 17వ అంశం. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ మాత్రం కేంద్ర జాబితాలో 56వది.

దగ్గరి నీళ్లపై ఇలా పోటీ ఉండటంతో విశాఖ చూపు గోదావరి మీద పడింది. గోదావరి జలాల పంపకానికి 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1980లో తీర్పు ఇచ్చింది. దానికి పునాది ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశా తదితర రాష్ట్రాలు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందాలే. న్యాయమూర్తులు గీత గీయకముందే పొరుగువాళ్లు మాట్లాడుకోవడం మన జల చరిత్రలో అరుదు. గోదావరిపై కట్టే పోలవరం ప్రాజెక్టు ఎడమ కాలువ ద్వారా విశాఖ తాగునీటికీ పరిశ్రమలకూ 23.44 టీఎంసీలు ఉద్దేశించారు. ముంపుపై ఒడిశా అభ్యంతరాలు సుప్రీంకోర్టుకు చేరాయి. 2014 పునర్విభజన చట్టం పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ముంపు మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. విశాఖ కుళాయికి గోదావరి నీరు రావడం కోసం ఊళ్లు ఖాళీ చేసిన గిరిజనుల పునరావాసాన్ని కూడా ఈ ప్రాజెక్టు ఖర్చులో మొదటి పద్దుగా లెక్కించాలి.

పోలవరం పూర్తయ్యేలోగా గోదావరి నీటిని ఏలేరుకు ఎత్తిపోయడానికి పురుషోత్తపట్నం పథకాన్ని 2017లో ప్రారంభించారు.