రేవు లేని తీరం, నీటి వాలుకు వల

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మరే జిల్లాకూ ఇంత పొడవైన తీరం లేదు. పక్కనే ఉన్న విజయనగరానికి 28 కిలోమీటర్లే, అదీ భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లోనే. బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి ఈ తీరంలోనే సముద్రంలో కలుస్తాయి. ఇన్ని నదులున్నా వేట పడవలకు నిలకడైన రేవు దక్కలేదు. నదీముఖాల్లో ఇసుక మేట వేస్తుంది, వానలు వెనుకపట్టాక నీటి లోతు తగ్గిపోతుంది. అందువల్ల బారువ నుంచి ముక్కాం వరకు దాదాపు ప్రతి ఊళ్లోనూ పడవను ఇసుక మీదకు లాగి పెట్టుకోవలసిందే, మళ్లీ ఇసుక మీద నుంచే కెరటాల్లోకి నెట్టవలసిందే. ఇక్కడి వేట ఏ పడవతో సాగాలో, ఏ వలతో సాగాలో, రోజులో ఏ పూట సాగాలో చాలావరకు ఈ ఒక్క కారణమే తేల్చింది.

అటువంటి తీరానికి సరిపోయినది తెప్ప. తేలికపాటి కలప దుంగలను పక్కపక్కన చేర్చి బిగిస్తే అదే తెప్ప అవుతుంది. దాని లోపలికి నీళ్లు వచ్చినా మునగదు, వచ్చిన నీళ్లు సందుల్లోంచి పోతాయి. బోల్తా కొట్టినా తిప్పుకుని ఎక్కవచ్చు. తమిళ తీరంలో దుంగలను తాళ్లతో కడతారు. పాత గంజాం, విశాఖపట్నం జిల్లాల తెప్ప దీనికి భిన్నమైనది. అందులో దుంగలను చెక్క మేకులతో కూర్చి, అంచున పలక నిలిపి, కొంత పడవ ఆకారం తెస్తారు. మద్రాసు మత్స్యశాఖకు అధిపతిగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ భారతీయ పడవల మీద 1920లో వెలువరించిన అధ్యయనంలో ఈ రకాన్ని ప్రత్యేకంగా గుర్తించాడు. నీళ్లు పీల్చిన దుంగ బరువెక్కుతుంది కాబట్టి వేట ముగిశాక తెప్పను ఒడ్డున ఎండబెట్టడం కూడా పనిలో భాగమే.

తెప్పతో పాటు పడవ కూడా ఉండేది. మేకులు లేకుండా కొబ్బరి పీచు తాటితో పలకలు కుట్టి చేసే ఈ పడవ కెరటం తాకిడికి విరగకుండా ఒంగుతుంది. తీరాన నిలబడి లాగే పెద్ద వలను సముద్రంలో చుట్టి రావడానికి దీన్ని వాడేవారు. బ్రిటిషు పాలనలో కళింగపట్నం, బారువ వంటి చోట్ల దూరంగా లంగరు వేసిన ఓడల నుంచి సరుకు దించినవీ ఇటువంటి పడవలే. రేవు పట్టణమని పేరున్న చోట కూడా ఓడ ఒడ్డుకు రాలేకపోయేది మరి.

నీటి వాలుకు వదిలే వల తెప్పకు తగిన జోడు. దీన్ని లాగడానికి బలం అక్కర్లేదు, యంత్రం అసలే అక్కర్లేదు. పై తాటికి బెండ్లు, కింది తాటికి బరువులు కట్టిన వల నీటిలో నిలువు గోడలా నిలుస్తుంది. ఒక కొస తెప్పకు కట్టి ఉంటుంది. తెప్ప, వల రెండూ ప్రవాహంతో కలిసి సాగిపోతుంటే, గుంపుగా ఎదురొచ్చిన చేప వల కన్నులో తల దూర్చి మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది. కన్ను కొలతను బట్టి దొరికే చేప మారుతుంది. చిన్న కన్ను వలకు కవళ్లు, కానగంతలు చిక్కుతాయి. వెడల్పాటి కన్ను వలకు కోనాం, సూర, సొర పడతాయి. అందుకే ఒక్కో ఇంట్లో కాలానికో వల ఉండేది.

వేట దినం తెల్లవారకముందే మొదలవుతుంది. రాత్రి చివరి జాముల్లో నేల చల్లబడి గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. తెరచాప ఎత్తితే ఆ గాలే తెప్పను లోపలికి తీసుకుపోతుంది. మధ్యాహ్నానికి గాలి తిరిగి సముద్రం నుంచి ఒడ్డుకు వీస్తుంది, తిరుగు ప్రయాణానికి అది చాలు. మోటారు లేని కాలంలో ఈ రెండు గాలుల మధ్య ఉన్న గంటలే వేటకు చిక్కే సమయం. అన్నిటికన్నా ప్రమాదకరమైన ఘట్టం మాత్రం బయలుదేరేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ ఒడ్డు దగ్గరే ఎదురవుతుంది. కెరటాల వరసలో పెద్దవి పోయి చిన్నవి వచ్చే అదను చూసి అణియం, అంటే తెప్ప ముందు కొస, సూటిగా ఉంచి దాటాలి. పక్కకు తిరిగితే తెప్ప తలకిందులే.

లోపలికి వెళ్లాక చోటు గుర్తించడానికి కొండలే ఆధారం. దగ్గరగా ఉన్న తాటితోపునో గుడి శిఖరాన్నో దూరపు కొండతో ఒకే వరసలో చూసుకుని, అటువంటి రెండు వరసలు కలిసే చోటును గుర్తు పెట్టుకుంటారు. ఉత్తరాన మహేంద్రగిరి 1,500 మీటర్ల ఎత్తున నిలిచి, గాలి తేటగా ఉన్న రోజున చాలా దూరానికి కనిపిస్తుంది. విజయనగరం తీరంలో చింతపల్లి ఎదుట సముద్రంలో రాళ్లున్నాయి. ఓడలకు అవి గండం కాబట్టి అక్కడ దీపస్తంభం కట్టారు. రాళ్లున్న చోట చేప నిలుస్తుంది కనుక వేటగాడికి అవే ఆకర్షణ, వలను చింపేవీ అవే.

ఏ వైపు కొట్టుకుపోతామన్నది కాలాన్ని బట్టి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఈ తీరం వెంట ప్రవాహం ఉత్తరంగా, ఒడిశా వైపు సాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తిరగబడి దక్షిణానికి నడుస్తుంది. వల వేసిన తెప్ప ఊరికి కొన్ని మైళ్ల అవతల తేలడం ఈ వేటలో మామూలే కాబట్టి, ఎక్కడ వల విడిస్తే తిరుగు గాలికి సొంత ఊరు అందుతుందో ముందే లెక్క వేసుకోవాలి. ఈ లెక్క పుస్తకాల్లో లేదు. వాడబలిజ, జాలరి, పల్లి కులాల ఇళ్లలో తండ్రి పక్కన కూర్చుని తెడ్డు వేసిన పిల్లలు నేర్చుకున్నది.

ఒడ్డుకు చేరిన చేప ఆ పూటే అమ్ముడు కావాలి, లేదా ఎండాలి. పంపకంలో మనుషులకే కాక తెప్పకు, వలకు కూడా వాటా ఉంటుంది. అక్కడి నుంచి వ్యాపారం ఆడవాళ్లది. గంపలు నెత్తిన పెట్టుకుని పల్లెపల్లెకూ నడిచి అమ్మినదీ, మిగిలినది ఉప్పు పట్టించి ఎండబెట్టినదీ వాళ్లే. ఇక్కడే సర్కారు అడ్డొచ్చింది. నౌపడ ఉప్పు కొఠార్లు పక్కనే ఉన్నా, ఉప్పు మీద పన్ను భారంతో చేప ఊరబెట్టడం గిట్టేది కాదు. 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో మద్రాసు ప్రభుత్వం తీరం పొడవునా యార్డులు తెరిచి, వాటి లోపల ఊరబెట్టే చేపకు పన్ను లేని ఉప్పు ఇచ్చింది. 1905లో ఫ్రెడరిక్ నికల్సన్‌కు మత్స్య పరిశ్రమ పరిశీలన అప్పగించడం, 1907లో మద్రాసు మత్స్య బ్యూరో ఏర్పడడం ఈ దారిలో తర్వాతి అడుగులు.

వేట పద్ధతిని నిజంగా మార్చినది ప్రభుత్వ శాఖ కాదు, నైలాను. నూలు వల, జనపనార వల తడి మీద ఉంటే చివికిపోతాయి. చెట్ల బెరడు కషాయంలో ముంచి, ప్రతి వేట తర్వాతా ఆరబెట్టి కాపాడుకోవాలి. 1950లు, 60లలో దేశంలోకి వచ్చిన నైలాను దారం సన్నగా ఉండి చేప కంటికి ఆనదు, చివకదు, తేలిక. అదే తెప్ప మీద మునుపటి కన్నా పొడవైన వల పట్టింది. ఇందులో నష్టమూ ఉంది. తెగి కొట్టుకుపోయిన నూలు వల కొన్నాళ్లకు కుళ్లిపోతుంది. నైలాను వల ఏళ్ల తరబడి చేపలనూ తాబేళ్లనూ చంపుతూ తిరుగుతుంది. ఒడిశాలోని రుషికుల్య ముఖానికి దగ్గరగా ఉన్న ఈ తీరానికి కూడా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. మహాసముద్రాల్లో కిలోమీటర్ల కొద్దీ పొడవైన ఇటువంటి వలలను ఐక్యరాజ్యసమితి తీర్మానం 1992 చివరి నుంచి ఆపించింది. తెప్ప వల ఆ కొలతకు రాదు, కానీ పద్ధతి అదే.

పడవ మారడానికి ఇంకొంత కాలం పట్టింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, రేవు లేని తూర్పు తీరానికి తగిన మోటారు పడవలను రూపొందించి పరీక్షించింది. చివరికి ఊళ్లలో స్థిరపడినవి ఫైబర్ పడవలు. ఎండబెట్టే పని లేదు, దుంగల కోసం వెతుకులాట లేదు. మోటారు బిగించాక గాలి కోసం ఎదురుచూపు కూడా తప్పింది. బదులుగా ఇంధనం ఖర్చు, అప్పు వచ్చాయి. తెప్ప మీద చేప పడని రోజు శ్రమ మాత్రమే వృథా అయ్యేది. మోటారు పడవకు అది చేతి డబ్బు పోయే రోజు.

ఈలోగా విశాఖ రేవు నుంచి మరబోట్లు ఇదే నీటిలోకి వచ్చి, వాలుకు వదిలిన వలలను తెంపుకుపోవడం తగవులకు దారితీసింది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం కింద తీరానికి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకు కేటాయించారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకూ మోటారు పడవలకూ వేట నిషేధం అమలవుతోంది. మోటారు లేని తెప్పకు అది వర్తించదు.

రేవు లేకపోవడం మనుషులనూ ఊరు దాటించింది. మరబోటు నిలిపే చోటు సొంత జిల్లాలో లేక, డి.మత్స్యలేశం వంటి ఊళ్ల యువకులు గుజరాత్‌లోని వెరావల్‌కు కూలికి వెళ్లడం మొదలుపెట్టారు. అలా వెళ్లి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కినవారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర విడుదలయ్యారు. 2025లో వచ్చిన తండేల్ సినిమాకు ఆ ఘటనే ఆధారం. ఊళ్లో మిగిలినవారికీ కుదురు లేదు. 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటిన తిత్లీ తుఫాను పడవలనూ వలలనూ నాశనం చేసింది.

2023 ఏప్రిల్ 19న మూలపేటలో ఓడరేవుకూ, బుడగట్లపాలెంలో చేపల రేవుకూ శంకుస్థాపన జరిగింది. 2025 ఏప్రిల్ 26న అదే బుడగట్లపాలెంలో ప్రభుత్వం వేట నిషేధ కాలపు భృతిని కుటుంబానికి 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచి పంపిణీ ప్రారంభించింది.