పుట్టుకతో సిపాయిలు: 'మార్షల్ రేస్' సిద్ధాంతం కథ

మనుషుల స్వభావాల్లో తేడాలు సహజమని, వాటిని కొన్ని రకాలుగా విడదీయవచ్చని చెప్పినవాళ్లలో కార్ల్ యూంగ్ ముఖ్యుడు. 1921లో వచ్చిన ఆయన పుస్తకంతోనే అంతర్ముఖుడు, బహిర్ముఖుడు అన్న విభజన ప్రపంచమంతా పాకింది. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో మన చేత నింపించే నాలుగక్షరాల పర్సనాలిటీ టెస్టుకు మూలం అదే. యూంగ్ విభజన ఒక్కో వ్యక్తికి సంబంధించింది. ఇలాంటి ముద్రే ఒక కులానికో ప్రాంతానికో వేస్తే ఏమవుతుందో అంతకు నలభై ఏళ్ల ముందే బ్రిటిష్ ఇండియా సైన్యం చూపించింది.

సిక్కులు, గూర్ఖాలు, పఠాన్లు, రాజ్‌పుత్‌లు పుట్టుకతోనే యోధులు, దక్షిణాదివాళ్లు, బెంగాలీలు కారు అన్నది 'మార్షల్ రేస్' సిద్ధాంతం. దీనికి పెద్ద దిక్కు ఫ్రెడరిక్ రాబర్ట్స్. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి, ఆ తర్వాత 1893 వరకు భారతదేశంలోని సైన్యానికి ఆయన సర్వసేనాని. మద్రాసు సిపాయిల తాతలు గొప్పగా పోరాడారని, దీర్ఘకాలం యుద్ధాలు లేక వీళ్లు మెత్తబడ్డారని 1897 నాటి ఆత్మకథలో రాశాడు. అంటే కారణం పరిస్థితులేనని ఆయన మాటే చెబుతోంది. తీర్పు మాత్రం జాతి మీద ఇచ్చాడు!

ఇందులో తెలుగువాళ్లకు సంబంధించిన విషయం ఒకటుంది. క్లైవ్ వెంట మద్రాసు నుంచి బెంగాల్ వెళ్లిన సిపాయిల కారణంగా ఉత్తరాదిలో సిపాయికి 'తిలంగా' అన్న పేరే స్థిరపడింది. 1857లో ఢిల్లీలోకి వచ్చిన తిరుగుబాటు సిపాయిలను కూడా అక్కడివాళ్లు తిలంగాలనే అన్నారు, వాళ్లలో ఎక్కువమంది అవధ్, బీహార్ వాళ్లైనా సరే. ఒకప్పుడు సిపాయికి పర్యాయపదమైన జనం, రాబర్ట్స్ కాలానికి సిపాయి పనికి తగనివాళ్లయ్యారు. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి, కొన్నింటిలో పంజాబీలను నింపారు. 1928 నాటికి మద్రాసు రెజిమెంటే లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలనప్పుడు దాన్ని మళ్లీ నిలబెట్టారు.

నా దృష్టిలో ఈ సిద్ధాంతానికి అసలు పరీక్ష అవధ్ సిపాయిలే. 1857కి ముందు కంపెనీ ఏరికోరి తీసుకున్నది అక్కడి బ్రాహ్మణ, రాజ్‌పుత్ రైతుబిడ్డలను. తిరుగుబాటు చేశాక వాళ్ల విలువ పడిపోయింది. ఆ కష్టకాలంలో కంపెనీ పక్షాన నిలిచిన పంజాబీలు, గూర్ఖాలు పైకి వచ్చారు. 1880లలో వాయవ్య సరిహద్దు మీద రష్యా భయం ఆ మొగ్గును ఇంకా పెంచింది. పుట్టుకతో వచ్చిన గుణమైతే ఇంత త్వరగా చేతులు మారదు కదా.

ఒకసారి ముద్ర పడ్డాక దాని ఫలితాలే దానికి సాక్ష్యాలవుతాయి. పంజాబ్‌కు జీతాలు, పింఛన్లు, కాలువల కింద భూములు వచ్చాయి, సైనిక కుటుంబాలు తరతరాలుగా తయారయ్యాయి. ఇటు మహర్లకు ఉన్న దారి కూడా మూసుకుపోయింది. 1818లో కోరెగావ్‌లో కంపెనీ తరఫున పోరాడినవాళ్లు వాళ్లు. అంబేద్కర్ తండ్రి రాంజీ సక్‌పాల్ సుబేదార్. అయినా 1890లలో మహర్లను తీసుకోవడం ఆపేశారు. ఇప్పటి మహర్ రెజిమెంట్ రావడానికి 1941 దాకా ఆగాల్సి వచ్చింది.

విభజన తర్వాత ఈ వారసత్వాన్ని పాకిస్తాన్ సైన్యం దాదాపు అలాగే మోసింది. దేశ జనాభాలో సగానికి పైగా బెంగాలీలే, సైన్యంలో మాత్రం వాళ్లది చిన్న వాటా. తూర్పు పాకిస్తాన్ అసంతృప్తిలో ఇదీ ఒక భాగం. 1971 మార్చిలో తిరగబడిన ఈస్ట్ బెంగాల్ రెజిమెంట్ బెటాలియన్లే ముక్తి వాహినికి వెన్నెముక అయ్యాయి.