ఆన్‌లైన్ బిజినెస్ పెట్టాలంటే: డెవలపర్‌ను, పెట్టుబడిని వెతుక్కోవడం ఎలా?

చేతిలో ఒక ఐడియా ఉంది. కోడింగ్ రాదు. డబ్బు కూడా అంతంత మాత్రమే. మన ఇళ్లలో ఆన్‌లైన్ వ్యాపారం మాట వచ్చినప్పుడు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగని వాళ్లలో కొందరు గల్ఫ్‌లో అన్నయ్య సంపాదించి పంపిన డబ్బో, ఇంట్లో ఆడవాళ్ల బంగారం అమ్మి తెచ్చిన డబ్బో తీసుకెళ్లి తెలిసిన డెవలపర్ చేతిలో పెట్టేస్తారు. యాప్ సగంలో ఆగిపోతుంది. డెవలపర్ ఫోన్ ఎత్తడు. అప్పుడు చూసుకుంటే కోడ్ ఎవరిదో, ఇంట్లోవాళ్లు ఇచ్చిన డబ్బు అప్పో వాటానో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు.

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరహ్ బఖరాలోని 282వది. గడువు పెట్టుకుని చేసే అప్పు లావాదేవీని రాసి పెట్టుకోమనీ, సాక్షులను పెట్టుకోమనీ అందులో ఆదేశం ఉంది. ఆన్‌లైన్ వ్యాపారంలో కూడా మనల్ని కాపాడేది ఆ అలవాటే. డెవలపర్‌తో అయినా, డబ్బు పెట్టే మామూతో అయినా.

విషయం తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో ఒక అమ్మాయి పెళ్లిళ్లకు, పండగలకు మెహందీ పెట్టేవాళ్లను ఇంటి నుంచే బుక్ చేసుకునే యాప్ పెట్టాలనుకుంది. ఆమె ఏ వరుసలో ముందుకెళ్లాలో చూద్దాం.

యాప్ కన్నా ముందు గిరాకీ

మొదటి రూపాయి యాప్ మీద పెట్టకూడదు. వాట్సాప్ బిజినెస్ ఉచితం. అందులో కేటలాగ్ పెట్టుకోవచ్చు. బుకింగ్‌కు ఒక గూగుల్ ఫామ్, అడ్వాన్సుకు యూపీఐ క్యూఆర్ కోడ్ చాలు. నలుగురైదుగురు మెహందీ ఆర్టిస్టులతో రంజాన్ చివరి పది రోజులు నడిపి చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. ఎంతమంది అడిగారు, ఎంతమంది అడ్వాన్స్ కట్టారు, ఎంతమంది చివర్లో రద్దు చేశారు, ఒక్కో బుకింగ్‌కు మనకు మిగిలింది ఎంత అన్నది నోట్‌బుక్‌లో రాసుకోవాలి. రేపు ఇన్వెస్టర్ దగ్గర కూర్చున్నప్పుడు ఆ నోట్‌బుక్కే మాట్లాడుతుంది.

రెడ్‌బస్ కథ చాలామందికి తెలిసిందే. ఫణీంద్ర సామ బెంగళూరులో ఉద్యోగం చేస్తూ దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క ఇబ్బంది పడ్డారు. ఆ ఇబ్బందిలోంచి 2006లో ఇద్దరు స్నేహితులతో కలిసి రెడ్‌బస్ పెట్టారు. మొదట ట్రావెల్స్ వాళ్లకు సాఫ్ట్‌వేర్ ఇద్దామనుకుంటే వాళ్లు ఆసక్తి చూపలేదు. దాంతో టికెట్లు అమ్మే దారి పట్టారు. పెట్టుబడి ఆ తర్వాతే వచ్చింది. 2013లో కంపెనీని ఇబిబో గ్రూప్ కొనేసింది. వ్యాపారుల దగ్గరికి వెళ్లి అడగకపోయి ఉంటే ఆ దారి వాళ్లకు దొరికేది కాదు.

సరుకు అమ్మే దుకాణమే అయితే షాపిఫై, వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ లాంటివి ఉన్నాయి. కోడింగ్ రాకపోయినా కొన్ని రోజుల్లో సైట్ నిలబెట్టొచ్చు. గిరాకీ వీటికి మించిపోయినప్పుడే డెవలపర్ అవసరం.

డెవలపర్‌లో మూడు రకాలు

ఫ్రీలాన్సర్: ఒక్కడే చేస్తాడు, ఖర్చు తక్కువ. కానీ ఉద్యోగం దొరికినా, జబ్బు పడినా పని ఆగిపోతుంది. చిన్న, స్పష్టమైన పనికి సరిపోతాడు.

చిన్న కంపెనీ: డిజైన్, టెస్టింగ్ అన్నీ ఒకచోటే జరుగుతాయి. ఖర్చు ఎక్కువ. మీ పని చేసేది సీనియరా, నిన్న చేరిన ట్రైనీనా అని ముందే అడగాలి.

భాగస్వామి: జీతం బదులు వాటా తీసుకుని మీతోపాటు నష్టాన్ని కూడా మోస్తాడు. యాప్ మీదే నడిచే వ్యాపారానికి ఇదే మంచి దారి. కానీ అందరికన్నా దొరకడం కష్టం ఇతనే.

వెతకడానికి ఇంజనీరింగ్ కాలేజీల ఫైనలియర్ విద్యార్థులు, వాళ్ల సీనియర్లు, లింక్డ్‌ఇన్, గిట్‌హబ్, అప్‌వర్క్, స్టార్టప్ మీటప్‌లు ఉన్నాయి. ఎవరు దొరికినా ‘నువ్వు చేసిన యాప్ లింక్ ఇవ్వు’ అని అడిగి మీ ఫోన్లో వాడి చూడండి. ఆ పాత కస్టమర్‌తో ఒకసారి మాట్లాడండి. మొత్తం పని ఇచ్చే ముందు డబ్బులిచ్చి ఒక చిన్న పని చేయించండి. ఒక్క బుకింగ్ పేజీ చాలు. టైముకు ఇస్తాడా, అడిగింది వింటాడా అన్నది అక్కడే బయటపడుతుంది.

ఐడియా ఎత్తుకుపోతారేమో అని భయపడి ఎవరికీ చెప్పని వాళ్లున్నారు. మన చట్టంలో ఒట్టి ఐడియాకు కాపీరైట్ లేదు. వ్యాపార పద్ధతికి, ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంట్ ఇవ్వరని 1970 పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) చెబుతుంది. గోప్యత ఒప్పందం రాసుకోవచ్చు. కానీ మీకు నిజమైన రక్షణ మీరు సంపాదించుకున్న కస్టమర్లు, ఆర్టిస్టులే.

డబ్బు మీరిచ్చినా కోడ్ మీది కాకపోవచ్చు

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీ దగ్గర జీతానికి పనిచేసే ఉద్యోగి రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని మీరే. బయట ఫ్రీలాన్సర్ రాసిన కోడ్‌కు మాత్రం మొదటి హక్కుదారు ఆ ఫ్రీలాన్సరే. మీరు పూర్తి డబ్బు కట్టినా సరే, హక్కులు మీకు బదిలీ చేస్తున్నట్టు రాతపూర్వకంగా సంతకం పెట్టాలి.

ఆ రాతలోనూ మెలికలున్నాయి. సెక్షన్ 19 ప్రకారం ఎంత కాలానికో రాయకపోతే బదిలీ 5 ఏళ్లకే అని భావిస్తారు. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. ఏడాదిలోపు ఆ హక్కును వాడుకోకపోతే అది పోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే ‘కాపీరైట్ ఉన్నంత కాలానికి, ప్రపంచమంతటికీ, ఏడాదిలో వాడకపోయినా రద్దు కాకుండా’ అని స్పష్టంగా రాయించుకోవాలి. లాయర్‌తో ఒకసారి చూపించుకుంటే అయ్యే ఖర్చు తర్వాత కోర్టు చుట్టూ తిరిగే ఖర్చులో పిసరంత కూడా కాదు.

కాగితంతో పాటు తాళాలు కూడా మీ చేతిలోనే ఉండాలి:

• డొమైన్ పేరు మీ ఈమెయిల్‌తో కొనాలి.
• హోస్టింగ్ లేదా క్లౌడ్ ఖాతా మీ పేరుతో, మీ కార్డుతో ఉండాలి.
• కోడ్ ఉండే గిట్‌హబ్ ఖాతా మీది కావాలి. డెవలపర్‌కు అనుమతి మాత్రమే ఇవ్వాలి.
• గూగుల్ ప్లే డెవలపర్ ఖాతా మీరే తెరవాలి. ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. యాపిల్‌కైతే ఏడాదికి 99 డాలర్లు.
• పేమెంట్ గేట్‌వే మీ వ్యాపారం బ్యాంకు ఖాతాకే కలపాలి.
• వీటన్నిటికీ ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి.

చెల్లింపు విడతలుగా చేయాలి. మొదట కొంత అడ్వాన్స్, డిజైన్ చూశాక కొంత, యాప్ మీ ఫోన్లో పనిచేశాక కొంత, కోడ్ మొత్తం మీ ఖాతాలోకి వచ్చాక మిగిలింది. ‘లాంచ్ తర్వాత మూడు నెలలు తప్పులు ఉచితంగా సరిచేయాలి’ అన్న వాక్యం కూడా ఒప్పందంలో ఉండాలి.

డెవలపర్ భాగస్వామి అయితే మొదటి రోజే సగం వాటా రాసివ్వకండి. స్టార్టప్‌లలో ఉన్న ఆనవాయితీ ప్రకారం వాటా నాలుగేళ్లలో కొద్దికొద్దిగా చేతికొస్తుంది. మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాదు. ఈ షరతు మీకు కూడా వర్తించేలా రాసుకుంటే అవతలివారికి నమ్మకం కుదురుతుంది.

వడ్డీ లేని పెట్టుబడి

మన దేశంలో ఇస్లామిక్ బ్యాంకింగ్ లేదు. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని 2017లో రిజర్వ్ బ్యాంకు తేల్చేసింది. కానీ వడ్డీ లేకుండా పెట్టుబడి తీసుకోవడానికి బ్యాంకే అక్కర్లేదు. మన దగ్గర పాత పద్ధతులు మూడున్నాయి.

ఖర్జె హసనా: వడ్డీ లేని అప్పు. ఎంత తీసుకుంటే అంతే తిరిగి ఇవ్వాలి. వ్యాపారం మునిగినా అప్పు అప్పే.

ముదారబా: డబ్బు ఒకరిది, కష్టం ఒకరిది. హజ్రత్ ఖదీజా (రజి) సరుకుతో ప్రవక్త (స) షామ్‌కు వ్యాపారానికి వెళ్లిన ఘటన మనకు తెలుసు. ఇందులో లాభాన్ని ముందే అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నష్టం వస్తే డబ్బు పోయేది పెట్టుబడిదారుకు, శ్రమ పోయేది పనిచేసినవారికి. అజాగ్రత్త, మోసం ఉంటే మాత్రం లెక్క వేరు.

ముషారకా: ఇద్దరూ డబ్బు పెడతారు. లాభం ఒప్పందం ప్రకారం, నష్టం మాత్రం పెట్టుబడి నిష్పత్తి ప్రకారమే. మన గుంటూరు అమ్మాయి 1 లక్ష, ఆమె మామూ 4 లక్షలు పెట్టారనుకుందాం. పనంతా ఆమెదే కాబట్టి లాభం మామూకు 60, ఆమెకు 40 శాతం అనుకున్నారు. 1 లక్ష లాభం వస్తే 60,000, 40,000. అదే 1 లక్ష నష్టం వస్తే మామూకు 80,000, ఆమెకు 20,000. ఈ లెక్క ముందే కాగితం మీద చూపిస్తే రేపు దావత్‌లో ఇద్దరూ మొహం తిప్పుకోవాల్సిన పని ఉండదు.

దీన్ని చట్టబద్ధం చేయడానికి భాగస్వామ్య పత్రం గానీ, ఎల్ఎల్‌పీ గానీ సరిపోతుంది. ఎల్ఎల్‌పీకి కనీసం ఇద్దరు కావాలి. అప్పుల బాధ్యత సాధారణంగా పెట్టిన పెట్టుబడి వరకే ఉంటుంది. బయటి ఇన్వెస్టర్లు రావాలంటే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ మేలు.

ఒక హెచ్చరిక. ‘లక్ష పెట్టండి, నెలకు మూడు వేలు హలాల్ లాభం’ అని ఎవరూ చెప్పకూడదు, మీరూ చెప్పకూడదు. పెట్టిన డబ్బు మీద ఖాయంగా ఇంత అని ముందే చెబితే అది లాభంలో వాటా కాదు, పేరు మార్చిన వడ్డీ. ఇలా జనం దగ్గర డిపాజిట్లు వసూలు చేయడం 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కింద నేరం కూడా. హలాల్ పేరు చెప్పి మునిగిన స్కీముల్లో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు మన బస్తీల్లోనే ఉన్నాయి.

ప్రభుత్వ పథకాలు

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. కింది రుణాల్లో వడ్డీ ఉంటుంది, సబ్సిడీ ఉన్నవాటిలో కూడా. తీసుకోవాలా వద్దా అన్నది మీరు నమ్మే ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తేల్చుకోండి. సమాచారం మాత్రం అందరికీ తెలిసి ఉండాలి.

ముద్రా: పూచీకత్తు అక్కర్లేదు. శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు ఇస్తారు. తరుణ్ రుణం తీర్చినవారికి 20 లక్షల వరకు.

పీఎంఈజీపీ: ప్రధానంగా కొత్త యూనిట్లకు. సేవా రంగంలో ప్రాజెక్టు 20 లక్షల వరకు ఉండొచ్చు. మైనారిటీలు, మహిళలు ప్రత్యేక కేటగిరీలోకి వస్తారు. సొంత వాటా 5 శాతమే. సబ్సిడీ పట్టణాల్లో 25, గ్రామాల్లో 35 శాతం. 5 లక్షల ప్రాజెక్టు అయితే మీరు పెట్టేది 25,000, సబ్సిడీ పట్టణంలో 1,25,000, గ్రామంలో 1,75,000. ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో ఉండి తర్వాత అప్పులో సర్దుబాటవుతుంది.

మైనారిటీ ఫైనాన్స్ కార్పొరేషన్లు: తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో వేర్వేరుగా ఉన్నాయి. నోటిఫికేషన్ వచ్చినప్పుడే దరఖాస్తు తీసుకుంటారు. ఆదాయ, కుల, రేషన్ పత్రాలు ముందే సిద్ధంగా పెట్టుకోవాలి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫీజు అడిగే సైటు సర్కారుది కాదు.

పెట్టుబడి కన్నా ముందు సలహా కావాలనుకుంటే హైదరాబాద్‌లో 2015లో మొదలైన టీ-హబ్ ఉంది. మహిళల కోసమే 2018లో పెట్టిన వీ-హబ్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మంగళగిరి కేంద్రంగా రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ వచ్చింది. ఇలాంటి చోట్ల వడ్డీ అప్పు కాకుండా వాటా తీసుకుని డబ్బు పెట్టే ఇన్వెస్టర్లతో పరిచయం కుదురుతుంది. వాళ్లు అడిగేవి మూడే ప్రశ్నలు: ఎవరు కొంటున్నారు, ఒక్కో అమ్మకంలో ఎంత మిగులుతోంది, నా డబ్బుతో ఏం చేస్తావు?

మొదటి రెండింటికి జవాబు రంజాన్ నోట్‌బుక్‌లో ఉంది. మూడోదానికి ఒక పేజీ ఖర్చుల లెక్క రాసుకోండి. కోడ్ హక్కుల పత్రం, భాగస్వామ్య పత్రం, నోట్‌బుక్, ఖర్చుల లెక్క: ఈ నాలుగూ ఒక ఫైల్లో పెట్టుకున్నాకే అబ్బాను గానీ, మామూను గానీ డబ్బు అడగండి. అల్లాహ్ తలిస్తే వ్యాపారం నడుస్తుంది. నడవకపోయినా, ఎవరిది ఎంతో రాసి ఉంటుంది కాబట్టి బంధుత్వం నిలుస్తుంది.