విడిభాగాల వెనుక చరిత్ర: పెట్యా నౌకల కథ

బేగంబజారు వర్తకుల కోసమే పుట్టింది. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వ్యాపారులకిచ్చిన స్థలంలో వెలసింది కనుక ఆ పేరు వచ్చిందంటారు. ఇత్తడి, రాగి, స్టీలు సామాన్లకు పేరుపడ్డ ఆ వీధుల్లో ఒక గిన్నెకు మూత పోతే, కొట్టువాడు కంటితోనే కొలత చూసి మరొకటి తీసి ఇవ్వగలడు. యుద్ధనౌకకు అటువంటి అంగడి లేదు. దాని ప్రతి భాగానికీ ఒక నక్షా, ఒక లోహమిశ్రమం, ఒక పరీక్షాపత్రం ఉంటాయి. అవన్నీ ఓడ కట్టినవారి చేతిలోనే ఉంటాయి. ఈ సత్యాన్ని విశాఖపట్నం అనుభవంతో నేర్చుకుంది.

1965లో కుదిరిన ఒప్పందం మేరకు సోవియట్ యూనియన్ నుంచి మనకు పెట్యా తరగతి నౌకలు వచ్చాయి. నాటో లెక్కలో అవి చిన్న ఫ్రిగేట్లు. మన నౌకాదళానికి జలాంతర్గాములను వేటాడే కార్వెట్లు. రెండు గ్యాస్ టర్బైన్లు, ఒక డీజిల్ ఇంజను, మూడు ప్రొపెల్లర్లు వాటి యంత్రాంగం. వాటికి మన ద్వీపాల పేర్లు పెట్టారు. 1968లో కమోర్తా సేవలో చేరింది. 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీపై దాడికి వెళ్లిన క్షిపణి పడవలకు తోడుగా నడిచినవి కిల్తాన్, కచ్చల్. కిల్తాన్ కమాండరు గోపాలరావుకు మహావీరచక్ర లభించింది.

ఈ నౌకల కోసం సోవియట్ సహాయంతోనే విశాఖలో డాక్‌యార్డు విస్తరించింది. మరమ్మతు చేసే చేతులు మనవే, విడిభాగాలు మాత్రం వారివి. 1990లో అండమాన్ నౌక బంగాళాఖాతంలో మునిగిపోయింది. మరుసటి ఏడాది సోవియట్ యూనియనే లేకుండాపోయింది. కర్మాగారాలు వేర్వేరు దేశాల పాలయ్యాయి. నిన్నటిదాకా ఒకే ప్రభుత్వాన్ని అడిగితే సరిపోయిన వస్తువుకు ఎవరిని అడగాలో వెదుక్కోవలసి వచ్చింది. అర్నాలా 1999లో, అంజదీప్ 2003లో విరమించాయి.

సముద్రానికి ఎంతో దూరాన ఉన్న హైదరాబాదు ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. విమానవాహక నౌకకు రష్యా నుంచి రావలసిన ఉక్కు రాకపోవడంతో, కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయం (స్థాపన 1963) డీఎంఆర్ 249ఏ అనే ఉక్కును రూపొందించింది. సెయిల్ కర్మాగారాలు దానిని పోతపోశాయి. చలికి పెళుసుబారకపోవడం, వెల్డింగుకు లొంగడం దాని గుణాలు. 2014 ఆగస్టులో విశాఖలో సేవలో చేరిన కొత్త కమోర్తా ఆ ఉక్కుతో కట్టినదే. 2025 ఆగస్టు 26న అక్కడే చేరిన ఉదయగిరి, హిమగిరి ఫ్రిగేట్లు కూడా అంతే.

అయితే ఆ రెండు ఫ్రిగేట్ల గ్యాస్ టర్బైన్లు ఇప్పటికీ అమెరికా నమూనావే. 2014 తర్వాత ఉక్రెయిన్ తన టర్బైన్లను రష్యాకు అమ్మనన్నప్పుడు, రష్యాలో మన కోసం కడుతున్న ఫ్రిగేట్లకు వాటిని మనమే కొని ఇవ్వవలసి వచ్చింది. వాటిలో మొదటిదైన తుషిల్ 2024 డిసెంబరుకు గాని మన చేతికి రాలేదు. ఓడకు దేహం మనదైంది. గుండె ఇంకా అరువుదే. పెట్యా నౌకలు నేర్పిన పాఠంలో సగమే పూర్తయింది.