ఇంగ్లండులో ఉచిత శిశు సంరక్షణ, భృతి పొందే తల్లిదండ్రులకు పని షరతు

చిన్నపిల్లల నర్సరీ ఖర్చును ప్రభుత్వం భరించడం ఒక విధానం. ప్రభుత్వ భృతి మీద బతికే తల్లిదండ్రులు ఉద్యోగం వెతుక్కోవాలనడం మరొకటి. ఇంగ్లండులో గత పాతికేళ్లుగా ఈ రెండూ పక్కపక్కనే పెరిగాయి. కానీ షరతు వచ్చినంత త్వరగా సాయం రాలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో కర్మాగారాలకు ఆడవాళ్లు కావలసివచ్చినప్పుడు ప్రభుత్వం వెయ్యికి పైగా నర్సరీలు తెరిచింది. యుద్ధం అయ్యాక వాటిలో చాలా భాగం మూతపడ్డాయి. 1948 జాతీయ సహాయ చట్టం వచ్చాక, పదహారేళ్లలోపు బిడ్డను ఒంటరిగా పెంచే తల్లి భృతి కోసం పని వెతకనక్కర్లేదు. ఈ పద్ధతి దాదాపు అరవై ఏళ్లు నిలిచింది.

టోనీ బ్లెయిర్ ప్రభుత్వం 1998లో జాతీయ శిశు సంరక్షణ విధానాన్ని ప్రకటించింది. ఆ ఏడాదే నాలుగేళ్ల పిల్లలకు, 2004 నాటికి మూడేళ్ల పిల్లలకు కూడా పాక్షిక ఉచిత చదువు అందింది. 2010 నుంచి అది వారానికి 15 గంటలు, ఏడాదిలో 38 వారాలు. బ్లెయిర్ కాలంలో ఒంటరి తల్లులకు పని వెతికిపెట్టే ‘న్యూ డీల్’లో చేరడం వాళ్ల ఇష్టం.

ఆ ఇష్టం ఎక్కువకాలం మిగల్లేదు. చిన్నబిడ్డకు ఎన్నేళ్లు వస్తే తల్లి పని వెతకాలన్న హద్దు 2008లో 12 ఏళ్లకు, తర్వాత వరసగా 10, 7కి, 2012లో 5కి దిగింది. 2017 ఏప్రిల్‌లో యూనివర్సల్ క్రెడిట్ అనే భృతి పథకం దాన్ని మూడేళ్లు చేసింది. ఒప్పుకున్న షరతులు తప్పితే భృతిలో కోత పడుతుంది.

అదే ఏడాది సెప్టెంబరులో మూడు, నాలుగేళ్ల పిల్లలకు 30 ఉచిత గంటలు వచ్చాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తల్లిదండ్రులు ఒక్కొక్కరూ కనీస వేతనం మీద వారానికి 16 గంటల పనికి సమానమైన ఆదాయం సంపాదిస్తేనే ఇవి దక్కుతాయి. ఉద్యోగం వెతుకుతున్న తల్లికి 15 గంటలే. ఇంటర్వ్యూలకు తిరగాల్సిన, బిడ్డను ఎవరి దగ్గరైనా వదలాల్సిన సమయంలోనే సాయం సగమవడం అన్యాయం. స్కాట్లండులో ఈ తేడా లేదు: 2021 ఆగస్టు నుంచి ఆ వయసు పిల్లలందరికీ, తల్లిదండ్రులకు పని ఉన్నా లేకున్నా, ఏడాదికి 1,140 గంటలు ఉచితం. ఇంగ్లండులో వర్క్ వీసా మీదున్న తెలుగు కుటుంబాలకూ ఇలాంటి తేడా తెలుసు. వాళ్ల పిల్లలకు 15 గంటలు అందుతాయి. ప్రభుత్వ నిధులు వాడకూడదన్న షరతు దంపతులిద్దరి వీసాల మీదా ఉంటే, ఇద్దరూ ఉద్యోగస్తులైనా 30 గంటలు రావు.

2023 మార్చి బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి జెరిమీ హంట్ రెండు వైపులా కదిలారు. యూనివర్సల్ క్రెడిట్ నర్సరీ ఖర్చులో 85 శాతం తిరిగిస్తుంది. ఒక బిడ్డకు నెలకు 646 పౌండ్లున్న దాని పరిమితిని 951కి పెంచారు. ముందు నర్సరీకి సొంత డబ్బు కట్టి, తర్వాత రాబట్టుకోవాల్సిన పద్ధతి పేదలను పనికి దూరం చేసేది. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు తొలి ఫీజు ముందుగానే ఇచ్చే ఏర్పాటు వచ్చింది. షరతు వైపు చూస్తే, ఆ అక్టోబరు నుంచి మూడు, నాలుగేళ్ల బిడ్డ ఉన్న తల్లి నుంచి ఆశించే పని వారానికి 16 గంటల నుంచి 30 గంటల వరకు పెరిగింది.

ఉచిత గంటలు 2024 ఏప్రిల్ నుంచి దశలవారీగా కింది వయసులకు విస్తరించాయి. 2025 సెప్టెంబరు నాటికి తొమ్మిది నెలల బిడ్డకూ 30 గంటలు దక్కాయి, తల్లిదండ్రులు ఉద్యోగాల్లో ఉంటేనే. పని లేక భృతి మీదున్న తల్లి, బిడ్డకు ఏడాది నిండగానే జాబ్‌సెంటర్‌లో వర్క్ కోచ్‌ను కలవాలి. ఆమె బిడ్డకు మాత్రం రెండేళ్లు నిండేదాకా ఒక్క ఉచిత గంటా రాదు.